చెస్ట్‌నట్ కవచభంగం

సూర్యుడు తన కొలువును మబ్బుల చేతిలో పెట్టి తొందరగా తప్పుకున్న ఒకానొక శీతకాలారంభ సాయంకాలాన, చినుకులు గొడుగులను, గొడుగులు దారిన పోయేవాళ్ల కళ్లను, ఆ కళ్లు వాటి యజమానుల సహనాన్ని పరీక్షిస్తున్న ఒకానొక వీధిలో, మందుల షాపుకు కుడిపక్కన, తాళాలు బాగుచేసే కొట్టుకు ఎడమపక్కన, అద్దాల తలుపు మీద పన్నెండు నెలలూ ఆవిరి పట్టి ఉండే ఒకానొక లాండ్రీలో, దుకాణానికీ ఇంటికీ సరిహద్దు దుర్గంలా వేలాడే పచ్చకర్టెనుకు అవతల, గ్యాసుపొయ్యి మీద, పిడి వదులైన మూకుడులో సంభవించిన మహాసంగ్రామాన్ని వినండి. ఆ సంగ్రామంలో ఏనుగులు ఘీంకరించలేదు. గుర్రాలు సకిలించలేదు. శంఖానికి బదులు కుక్కరు ఒక్కసారి కూసింది, అదీ పక్కింటివాళ్లది. అయినా ఆ సాయంత్రం ఆ వంటగదిలో ప్రవహించిన చెమటను, పగిలిన గోళ్లను, రాలిన బెరడును తలచుకుంటే చెప్పేవారి గొంతుక ఇప్పటికీ తడబడుతుంది.

ఓ ఆవిరీ, కంటికి కనిపించీ పిడికిలికి చిక్కనిదానా, సమస్తవస్త్రసంకటనాశినీ, కాసేపు ఈ కథ పక్కన నిలబడు. నీ పాత్ర కూడా ఇందులో ఉంది. అంత గొప్పగా ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

ఆ లాండ్రీని నిలబెట్టిన మహాతల్లిని వీధివీధంతా ఆవిరమ్మ అని పిలిచేది. అసలు పేరు వేరే ఉందిగాని బిల్లు కట్టేవాళ్లకు, బట్టలు మరిచిపోయేవాళ్లకు, మరిచిపోయి ఎదురు అరిచేవాళ్లకు అందరికీ ఆమె ఆవిరమ్మే. దుష్టకాలరుదర్పాపహారిణి, ప్యాంటుమడతప్రతిష్ఠాపనాచార్య, నలుగురు కలిసినా లొంగని దుప్పట్లను ఒంటిచేత్తో లొంగదీసిన ఏకవీర. ఏళ్లతరబడి కాలిన ఇస్త్రీపెట్టెలను, బుసలుకొట్టే ప్రెస్సులను తాకితాకి ఆ వేళ్లు ఎంత రాటుదేలాయంటే, పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించి, దించాక కూడా ఎక్కడ పెట్టాలా అని తాపీగా ఆలోచించేది.

ఆ ఇంట్లో ఆమె పెట్టిన శాసనం ఒకటుంది. ఉదయం ఎవరి వంతు బట్టలగుట్ట వాళ్లకు పడుతుంది. ఆ గుట్ట దిగేదాకా కంచం ముందు కూర్చోవడానికి వీల్లేదు. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా అంతే. ఇతర కుటుంబాల్లో ఎదురుపడగానే 'తిన్నావా?' అని అడుగుతారు. ఆ ఇంట్లో 'గుట్ట దిగిందా?' అని అడిగేవారు. దిగిందంటే తిన్నట్టే లెక్క. పక్కనున్న మందుల షాపులో పనిచేసే కూతురు సైతం సాయంత్రం ఇంటికి రాగానే చేతిరుమాళ్లో, దిండుగలీబులో ఒక బొత్తి మడతపెట్టి గాని చెంచా ముట్టుకునేది కాదు.

అటువంటి ఆవిరమ్మను ఊపిరితిత్తుల జబ్బు పడగొట్టింది. మందులు వాడారు, దగ్గు తగ్గింది, ఛాతీ శుభ్రపడింది. డాక్టరు మాత్రం ఆవిరి దగ్గరికి పోవద్దని, నిలబడి పనిచేయవద్దని, విశ్రాంతి తీసుకోమని ఆదేశించాడు. కోడలు ఆ ఆదేశాన్ని అక్షరాలా అమలుచేసింది. అత్తగారు ఎక్కి కూర్చునే ఎత్తు స్టూలును తీసి బీరువా మీద పెట్టేసింది. ఆ రోజు నుంచే ఆవిరమ్మ ఆకలి కూడా ఏ బీరువా మీదికో ఎక్కింది. జావ ఇస్తే వెనక్కి వచ్చేది. పాలు ఇస్తే మీగడ కట్టి వెనక్కి వచ్చేది. "వద్దమ్మా, ఆకలి లేదు" అన్న మాట మటుకు వేళ తప్పకుండా వచ్చేది.

ఆనాటి ఉదయం ఇంటికి వచ్చి చూసే నర్సు ఆవిరమ్మ మణికట్టు పట్టుకుని, అది ఎంత సన్నబడిందో చూసి, కర్టెను ఇవతలికి వచ్చి కుటుంబాన్ని నిలదీసింది.

"బతిమాలడాలు ఇంక చాలు. రేపు పొద్దున మళ్లీ వస్తాను. ఆలోగా పెద్దమ్మ తనంతట తాను ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటే సరి. లేకపోతే ఆస్పత్రిలో చేర్పించాల్సిందే."

కర్టెను అవతల నుంచి వెంటనే జవాబు వచ్చింది. "ఆ ఆస్పత్రికి నేను రాను. అక్కడి దుప్పట్లు చూశావా? అది ఇస్త్రీ కాదు. మడతపెట్టి మీద ఎవరో కూర్చున్నారు."

నర్సు వెళ్లింది. కొడుకు ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, కర్టెను వైపు తిరిగాడు. అమ్మను చిన్నప్పటి నుంచి అలసిపోగా చూశాడుగాని, ఓడిపోగా చూడలేదు.

ఇక యుద్ధసన్నాహం. దీపాలు వెలిగే వేళకు కూతురు, ఔషధాపణవిహారిణి, సకలగుళికానామధారిణి, తడిసిన చెప్పులతో వచ్చి, కాగితపు సంచీ ఒకటి మంచం పక్క బల్ల మీద కుమ్మరించింది. నున్నగా, గోధుమవర్ణంలో, ఇప్పుడే పాలిష్ పెట్టిన బూట్లలా మెరుస్తూ, ఒక కొన సూదిగా సాగిన గింజలు గలగలా దొర్లాయి. అడవిలో ముళ్లకోటలో పుట్టి, ఆ కోటను అక్కడే వదిలి, తోలుకవచం మాత్రం ధరించి నగరాలకు తరలివచ్చే ఆ జాతిని చెస్ట్‌నట్లంటారు. కూతురు వాటి ముందు నిలబడి, రాయబారి నిండుసభలో పలికినట్టు పలికింది.

"అమ్మా, వీటిని చెస్ట్‌నట్లంటారు. పేరుకి గింజలేగాని బాదంలాగా జీడిపప్పులాగా నూనె ఉండదు. కొవ్వు చాలా తక్కువ. సగందాకా నీళ్లే, మిగతాది ఎక్కువగా పిండిపదార్థం. గింజ వేషం వేసుకున్న బంగాళాదుంప అనుకో."

"బంగాళాదుంపే తెస్తే పోయేదిగా."

"విను ముందు. దీంట్లో సి విటమిన్ ఉంది. మామూలుగా గింజల్లో అది వెతికినా దొరకదు."

"కాల్చాక కూడా ఉంటుందా?"

"కొంత పోతుంది. అంతా పోదు. పొటాషియం ఉంది, బి6 ఉంది, ఫోలేటు ఉంది. గోధుమ పడనివాళ్లు దీన్ని పిండి పట్టించుకుని వాడుకుంటారు. పీచు కూడా బాగా ఉంటుంది, కడుపు సాఫీగా..."

"నా కడుపు సంగతి అందరి ముందూ ఎందుకే."

"ఇది మందని చెప్పట్లేదమ్మా. మాంసకృత్తులు పెద్దగా లేవు, వాటికి పాలో గుడ్డో విడిగా తీసుకోవాల్సిందే. కానీ మెత్తగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది, ఒంటికి సత్తువ వస్తుంది. ఒక్కటి తిని చూడు."

స్వల్పమేదస్సమన్వితం, బహుపిష్టం, తంతుసమృద్ధం, పొటాషియపూర్ణం అయిన ఆ మహాఫలాన్ని ఆవిరమ్మ వేలితో ఒకసారి దొర్లించింది. గోడవైపు తిరిగి పడుకుంది.

"అంత మంచివైతే మీరే తినండి. పనిచేసేది మీరేగా."

ఆ రెండు మాటల్లో మొదటిదానికి అందరూ నొచ్చుకున్నారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గొప్ప గొప్ప యుద్ధాలన్నీ ఇలా సరిగ్గా వినకపోవడం వల్లే మొదలవుతాయి.

"కాల్చి, వేడివేడిగా వాసన తగిలితే ఆవిడే తింటుంది, మీరు చూస్తూ ఉండండి," అని కొడుకు లేచాడు. ఇస్త్రీధురంధరుడు, హ్యాంగరుసేనానాయకుడు, భుజం మీద తువ్వాలును ఉత్తరీయంలా విసిరి వంటగది ప్రవేశించి, మూకుడును పొయ్యి మీద ప్రతిష్ఠించి, అందులో సగం సంచీని గుమ్మరించాడు.

"అన్నయ్యా, ఒక్కోదానికి గాటు పెట్టి కాల్చు," అంది చెల్లెలు గది నుంచే.

అతను విన్నాడు. విని, చాకును చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. ఇక్కడ అతని కులవృత్తి అనలేముగాని వృత్తిధర్మం అడ్డం వచ్చింది. జన్మ ఎత్తిన దగ్గర నుంచి ఆ ఇంట్లో వినబడే హెచ్చరిక ఒక్కటే: చేతికి వచ్చినదాన్ని చింపకుండా, కోయకుండా, ఒక్క దారం తెగకుండా తిరిగి అప్పగించాలి. అంత నున్నని, అతుకులేని, మచ్చలేని తొడుగును చూసి దానికి కత్తి పెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

కానీ సగందాకా నీళ్లేనని చెల్లెలు చెప్పింది కదా. నీళ్లు వేడెక్కితే ఏమవుతాయో ఆ ఇంటివాడికి ఒకరు చెప్పాలా? ఆవిరి మీద పుట్టి, ఆవిరి మీద పెరిగి, ఆవిరి మీద పెళ్లి చేసుకున్న ఆ పురుషపుంగవుడు, ఆవిరికి దారి వదలడం మరిచిపోయాడు.

మొదట ఒక చిటపట. పిమ్మట ఒక నిశ్శబ్దం. తదనంతరం దిక్కులు పిక్కటిల్లేలా ఒక విస్ఫోటనం, దాని వెనకే మరొకటి, దానికి తమ్ముడిలాంటిది ఇంకొకటి. కవచశకలాలు సీలింగును తాకి వర్షించాయి. తెల్లని పిండిముద్ద ఒకటి పచ్చకర్టెను సందులోంచి దూసుకుపోయి, హోటల్లో వడ్డించేవాళ్ల కోసం ఇస్త్రీ చేసి వరుసగా వేలాడదీసిన తెల్లకోట్లలో మొదటిదాని గుండెమీద, సరిగ్గా జేబు పైన, పతకంలా అతుక్కుంది. వీరుడు గ్యాసు కట్టేసి, మూకుడు మూతను డాలుగా పట్టుకుని, బల్ల కింద కూర్చుని ఉన్నాడు.

మంచం మీద నుంచి గొంతు వచ్చింది. "బాయిలరా?"

"కాదమ్మా. గింజ."

"గింజ పేలిందా?"

"పేలింది."

"నాకు పెడతామన్నది అదేనా?"

వీరుడు బల్ల కింద మూతను ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

సగం సేన నేలకూలింది. మిగిలిన సగంతో మాత్రమే ఇంకో యుద్ధానికి దిగడం తెలివితక్కువని తలచి, వీరుడు దిండుగలీబు ఒకటి, గొడుగు ఒకటి తీసుకుని వానలో మాయమయ్యాడు. కోడలు, గుండీసంధాననిపుణ, నంబరుచీటీల సామ్రాజ్ఞి, సీలింగు తుడవడానికి కుర్చీ ఎక్కింది. అది తుడవడం పూర్తయ్యేలోగా అతను విజయోత్సాహంతో తిరిగొచ్చాడు. గలీబు నిండా గింజలు.

"ఎక్కడివన్నయ్యా?" అంది చెల్లెలు.

"బస్టాపు ముందు చెట్ల కింద. ఊరికే రాలి పడున్నాయి. జనానికి విలువ తెలీదు."

చెల్లెలు ఒకటి తీసి దీపం కిందికి పట్టింది. గుండ్రంగా, లావుగా ఉంది. కొన లేదు. దానిపక్కన తను తెచ్చినదాన్ని పెట్టింది. దానికి సూదిలాంటి కొన, ఆ కొనకు చిన్న కుచ్చు.

"జనానికి విలువ తెలుసు కాబట్టే అక్కడ పడున్నాయి. ఇవి వేరు. గుర్రపు చెస్ట్‌నట్లంటారు, నీడ కోసం వేసే చెట్లవి. తింటే వాంతులు, విరేచనాలు. విషం అన్నయ్యా ఇది."

"చూడ్డానికి ఒకేలా ఉన్నాయిగా."

"ఉంటాయి. అందుకే కొన చూడాలి."

అతను గలీబు మూతి ముడివేసి, చెత్తబుట్ట దాకా వెళ్లి, బుట్టలో వేసి, మళ్లీ వంగి ముడి గట్టిగా ఉందో లేదో చూశాడు. అమ్మను ఆస్పత్రికి పోకుండా ఆపబోయి, దగ్గరి దారిన అక్కడికే పంపి ఉండేవాణ్ని గదా అని అతనికి అప్పుడే తట్టింది. భార్య కుర్చీ మీదినుంచే, "పోనీలెండి, పొయ్యి దాకా రాలేదుగా," అంది. ఆ ఒక్క మాటతో అతను మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఇంతటి ఓదార్పు రథసారథులకు కూడా చేతకాదు.

మూడో ఘట్టం. ఈసారి చెల్లెలే చాకుపట్టి ఒక్కో గింజ బొజ్జమీద గాటు పెట్టింది. సంచీలో మిగిలినవాటిని రెండు వాయలుగా పంచి, మొదటి వాయ కాల్చారు. గాట్లు పువ్వుల్లా విచ్చుకున్నాయి. తియ్యని వాసన, కాలిన కొయ్యకూ ఉడికిన దుంపకూ నడుమ ఎక్కడో ఉండే వాసన, వంటగదిని నింపి, గుమ్మం దాటి, మంచం దాకా వెళ్లి నిలబడింది. మంచం కదల్లేదు.

కోడలు జాగ్రత్తపరురాలు. "చేతులు కాలతాయి, ఆగండి," అని వాయనంతా తడితువ్వాలు మీద పరిచి, కిటికీ తెరిచి, చల్లగాలి తగిలేలా పెట్టింది. అవి చక్కగా, పద్ధతిగా, రాయిలా చల్లారాయి. అంతటితో శత్రువు రెండో కోటలోకి ప్రవేశించి తలుపు వేసుకున్నాడు.

ఏమంటే, చెస్ట్‌నట్టుకు పైనున్న తోలుకవచం ఒక్కటే కాదు. దాని లోపల పలుచని, వగరైన, మడతమడతలోకీ దూరి పట్టుకునే పొర ఒకటుంది. పైది కోటగోడ అయితే ఇది కోటలోపలి మొండితనం. ముగ్గురూ మూడు గింజలు పట్టుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు. కొడుకు బొటనవేలి గోరు విరిగింది. కూతురు పిన్నీసుతో తవ్వితే పొరతోపాటు కండ కూడా పొడిపొడిగా రాలింది. కోడలు ఓపికగా గిల్లుతూ గిల్లుతూ, ఎంతకీ రాకపోయేసరికి, దీపం వైపు పట్టి చూసింది. గింజ బోసిగా నవ్వుతున్నట్టు ఆమెకు తోచింది. నోరే ఉంటే ఆ గింజ ఇలా గర్జించి ఉండేది: "ఓరి మానవులారా, పొటాషియమా కావాలి మీకు, ఫోలేటా? నా శరీరాన్ని ముక్కలు చేయగలరు, నా పొరను మాత్రం ఒలవలేరు. ఈ వగరుతోనే తినండి, తిని కడుపు పట్టుకోండి."

"ఈ పొర తీయకుండా పెడితే?" అన్నాడు కొడుకు.

"నాలుక మీద వగరు. అసలే వద్దంటోంది, ఇక రెండోసారి నోరు తెరుస్తుందా?" అంది చెల్లెలు.

అప్పుడు, పరాజయం పాదాల దాకా వచ్చిన ఆ క్షణాన, వీరుడి ముఖంలో ఒక వెలుగు వెలిగింది. వేరే ఏ ఇంట్లో అయినా వెలిగి ఉంటే ప్రమాదమేమీ లేదు. లాండ్రీలో వెలిగింది.

"మొండిముడత పడితే ఏం చేస్తాం?" అన్నాడు.

"ఏవండీ, వద్దు," అంది భార్య. ఆమె అప్పటికే గ్రహించింది.

అతను గింజను అరచేతిలో పెట్టుకుని కర్టెను దాటి, ఆవిరి ప్రెస్సు బల్ల మీద, తెల్లని గుడ్డ నడిబొడ్డున దాన్ని ఉంచి, కాలితో పెడలు తొక్కాడు. ఉక్కుమూత వాలింది. బుస్సుమని ఆవిరి లేచి దుకాణమంతా కమ్ముకుంది. అందులో వీరుడు, ప్రెస్సు, పతకం ధరించిన కోటు సమస్తమూ అదృశ్యమయ్యాయి. మూత లేచాక చూస్తే గింజ లేదు. దాని స్థానంలో నాణెంలా పలుచనిది ఒకటి, దాని చుట్టూ గోధుమరంగు మరక ఒకటి ఉన్నాయి.

అంతలో కర్టెను వెనక ఒక శబ్దం. చెప్పుల శబ్దం. నెమ్మదిగా, గోడను పట్టుకుని, ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ నడుమ ఊపిరి తీసుకుంటూ వస్తున్న శబ్దం. ఎంత పిలిచినా లేవని మనిషి, వాసనకు లేవని మనిషి, వేళకాని వేళలో ప్రెస్సు బుసకొట్టేసరికి లేచింది. కర్టెను తొలగింది. వదులైన స్వెటరులో, చెదిరిన జుట్టుతో, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని ఆవిరమ్మ నిలబడి ఉంది.

"ఈ వేళప్పుడు ప్రెస్సు తొక్కిందెవరు?"

"నేనేనమ్మా."

"తెల్లగుడ్డ మీద ఏంట్రా అది?"

"చెస్ట్‌నట్టు."

"ఇస్త్రీ చేశావా దాన్ని?"

"పొర వస్తుందేమోనని."

"వచ్చిందా?"

"అంతా కలిసే వచ్చింది."

ఆవిరమ్మ ఆ మరకను చూసింది. కోటు మీది పతకాన్ని చూసింది. కొడుకు విరిగిన గోరును, కూతురి చేతిలోని పిన్నీసును, కోడలి జుట్టులో ఇరుక్కున్న బెరడుముక్కను చూసింది. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, ఎవరూ పట్టుకునే లోపే వంటగదిలోకి నడిచింది. కోడలు అన్నీ సిద్ధంగా ఉంచే మనిషి గనక, తను పొయ్యి మీద పెట్టి ఉంచిన ఆఖరి వాయ అప్పుడే కాలి, మూకుడులో ఇంకా చిటచిటలాడుతోంది.

"అత్తయ్యా, ముట్టుకోకండి, కాలుతుంది."

"నాకా?"

ఆ ఒక్క మాట అని, నిప్పుకణికలా ఉన్న గింజను పొయ్యి మీదినుంచి ఉత్తచేత్తో తీసుకుంది. గాటు దగ్గర బొటనవేలు ఆనించి నొక్కింది. తోలుకవచం ఊడింది. అదే ఊపులో లోపలి పొర, ఆ మొండి, వగరు, అభేద్యమైన పొర, తడిచొక్కా ఒంటిమీది నుంచి జారినట్టు జారిపోయింది. పసుపుపచ్చగా, మెదడులా ముడతలుపడి, నిండుగా ఉన్న గింజ పళ్లెంలో పడింది.

"ఆ తువ్వాలు మీదివాటిని చల్లారబెట్టిందెవరు?" అంది ఆవిరమ్మ.

"నేనే అత్తయ్యా," అంది కోడలు.

"చల్లారాక ముడత పోతుందా అమ్మాయ్? ఎన్నాళ్ల నుంచి ఉన్నావు ఈ ఇంట్లో?"

ఆమె ఇంకోటి తీసింది. పొయ్యిగట్టును మోచేత్తో ఆనుకుని నిలబడింది. కోడలు ఆ మోచేతి వైపు చూసింది. ఆ తర్వాత బీరువా మీదికి చూసింది. డాక్టరు మాట ఒకవైపు, అత్తగారి చేతులు ఇంకోవైపు. ఏ సేనానికీ ఇంతటి ధర్మసంకటం కలగలేదు. కోడలు కుర్చీ ఎక్కి, బీరువా మీది ఎత్తు స్టూలును దించి, దుమ్మును తన కొంగుతోనే తుడిచి, పొయ్యిగట్టు పక్కన వేసింది. ఆవిరమ్మ ఎక్కి కూర్చుంది. రాజ్యాలు చేతులు మారినప్పుడు మోగే భేరీలు అక్కడ మోగలేదు. స్టూలు కాలు కిర్రుమంది, అంతే.

ఇక ఆ కరయుగళ విజృంభణ ఏమని వర్ణించను. తీయడం, నొక్కడం, ఒలవడం, విసరడం. ఒక్క గింజ చల్లారలేదు, ఒక్క పొర మిగల్లేదు. కొడుకు చెయ్యి చాచి ఒకటి పట్టుకోబోయి, కెవ్వుమని, కాలిన వేళ్లతో చెవితమ్మె పట్టుకున్నాడు. "నీ గుట్ట కాదిది, నాది," అంది తల్లి, చూడకుండానే. ఆమె చెంపల మీదికి వేడి తగిలి రంగు వచ్చింది. వీపు నిటారైంది. మధ్యలో ఒకసారి కూతురిని అడిగింది: "ఏమన్నావే ఇందాక, బి ఏడా?"

"బి6 అమ్మా."

"ఆఁ."

ముగ్గురూ ఆనందంతో ఆ చేతులనే చూస్తూ ఉండిపోయారు. మనుషులు ఆనందంగా చూస్తున్నప్పుడు వాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ చేతులు పళ్లెం వైపు వెళ్తాయి. పళ్లెంలో పడ్డది పడ్డట్టు, పగలంతా ఆందోళనలో ఏమీ తినని కొడుకు నోట్లోకి, కోడలి నోట్లోకి, వాటి గుణగణాలన్నీ తెలిసిన కూతురి నోట్లోకి ప్రవేశించసాగింది. "తియ్యగా ఉన్నాయే," అన్నాడు కొడుకు నిండునోటితో. మూకుడు అడుగు కనిపించేసరికి పళ్లెంలో ఒక్క గింజ ఉంది. అతని చెయ్యి దానివైపు కూడా సాగింది. చెల్లెలు ఫట్‌మని ఆ చేతిమీద కొట్టింది. ముగ్గురికీ ఒకేసారి ఒళ్లు తెలిసింది. ఎవరి కోసం ఇంత రణం సాగిందో, ఆమెకు మిగిలింది ఒకటి.

ఆవిరమ్మ చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. బెరడుగుట్టను చూసింది. మూకుడును వంచి చూసింది. ఏమీ లేదు.

"గుట్ట దిగింది," అంది, తనలో తనే.

కుళాయి నుంచి ఒక బొట్టు రాలింది. ఎప్పుడూ ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, కాని ఎవరూ ఊపిరి తీసే సాహసం చేయలేదు. ఎవరైనా తినమని ఉంటే తినేది కాదేమో. ఆవిరమ్మ కుడిచెయ్యి తనంతట తాను, పాత అలవాటు నడిపించినట్టు, పళ్లెం దాకా వెళ్లి, ఆ ఒక్క గింజను తీసుకుని, నోట్లో పెట్టుకుంది.

నమిలింది. మళ్లీ నమిలింది. మింగింది.

"బంగాళాదుంప కంటే నయమే," అంది. "మిగతావేవీ?"

మూడు ముఖాలు మూడు దిక్కులకు తిరిగాయి. కొడుకు గడ్డానికి పిండి అంటుకుని ఉంది.

"అన్నీ మింగారా?"

"జావ ఉందత్తయ్యా, వేడి చేస్తాను," అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూ, పొగ లేకపోయినా పొగ మీదికి నెపం నెట్టి.

"సరే. కొంచెమే పెట్టు. ఆ కోటు కూడా పట్రా, జేబు దగ్గర మరక ముదరనివ్వకూడదు."

మర్నాడు నర్సు వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కంగారుగా వంటగదిలోకి తొంగిచూస్తే, ఆవిరమ్మ స్టూలు మీద కూర్చుని, ఒళ్లో చేతిరుమాళ్ల బొత్తి పెట్టుకుని మడతలు వేస్తోంది. పక్కన సగం తాగిన పాలగ్లాసు, గట్టుమీద కొత్త కాగితపు సంచీ.

"కూర్చుని చేస్తే ఫర్వాలేదు," అంది నర్సు, నాడి చూసి, నవ్వాపుకుంటూ. "ప్రెస్సు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు పెద్దమ్మా. అలసట అనిపిస్తే వెంటనే పడుకోవాలి. ఆస్పత్రి సంగతి ఇప్పటికి వద్దులే."

"నీ గుట్ట దిగిందా అమ్మాయ్?"

"అంటే?"

"నీ పని అయిందా అని," అన్నాడు కొడుకు.

"ఎక్కడ, ఇంకా నాలుగిళ్లు తిరగాలి."

"అయితే నీకిప్పుడు పెట్టను," అంది ఆవిరమ్మ. "తిరిగొచ్చేటప్పుడు రా. వేడిగా ఒలిచి పెడతాను. ఆ కోటు ఇక్కడ విప్పేసి వెళ్లు, ఆ కాలరు చూడలేకపోతున్నాను."

కాబట్టి దిక్కులారా, దిక్కుల్లో ఆరేసిన దుప్పట్లారా, వినండి. డాలుగా నిలిచిన మూకుడుమూతకు, వానలో తడిసిన గొడుగుకు, విరిగిన గోటికి, ప్రెస్సుగుడ్డ మీద ఈనాటికీ పోని గోధుమరంగు మరకకు సాక్షిగా చాటుతున్నాను. ఆ సాయంత్రం ఆ లాండ్రీ వెనకగదిలో, రెండు కవచాలనూ కోల్పోయిన చెస్ట్‌నట్టు ఒకటి, ఎవరూ బతిమాలకుండా, ఎవరూ బెదిరించకుండా, ఒక పెద్దావిడ కడుపులోకి చేరింది.

ఒకే ఒక్కటి. కాని పూర్తిగా.